అన్న వలలో చచ్చిన తాబేలు

మార్చిలో ఒక శనివారం ఉదయం ఆరున్నరకు గుంటూరులో రైలెక్కి, తెనాలిలో చీరాల రైలుకు మారాను. టీచరుగా రిటైరయ్యాక పెదకాకానిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. వాడరేవు అవతల ఒక పల్లెపాలెంలో మత్స్యకారులే సముద్రపు తాబేళ్లకు కాపలా ఉంటున్నారని పేపర్లో చదివి బయలుదేరాను.

రైలు పెట్టె నిండా మిరప బస్తాల ఘాటు. ఎదుటి సీట్లో రైతు తుమ్ముతూనే అడిగాడు. “తోడెవరూ రాలేదాండీ?”

“లేరండి.”

చీరాలలో ఇడ్లీ తిని, వాడరేవు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. పదిన్నరకు పాలెం చేరాను. ఇసుకలో వల కంచె, లోపల తాబేలు గుడ్లు పూడ్చిన గుంతలు. తాటాకు నీడన కొండమ్మ అనే ఆవిడ కాపలా కూర్చుంది. యాభై ఏళ్లుంటాయి. టీచరుగా పనిచేశానని చెప్పుకుని, కాపలా సంగతి అడిగాను.

“గుడ్లు పెట్టే నెలల్లో ఈ ఒడ్డున ఎవరూ వలెయ్యకూడదని మా పెద్దలు కట్టుబాటు పెట్టారు టీచరమ్మా. అందరం ఒప్పుకున్నాం. తప్పింది మా అన్నే. ఆయన వలలో పెద్ద తాబేలు చచ్చింది. నేనే చూసి పెద్దలకి చెప్పాను. పదిహేను రోజులు పడవ దింపొద్దన్నారు. అప్పట్నుంచీ నాతో మాట్లాడడు.”

“చెప్పకుండా ఉండాల్సిందనిపించలేదా?”

“ఎందుకనిపించదు? నాకంటూ ఉన్నది ఆయనొక్కడే. కానీ మా అన్నని వదిలేస్తే రేపు ఎవర్ని ఆపుతాం?”

మధ్యాహ్నం తన క్యారేజీలోని అన్నం, చేపల పులుసు నాకూ పెట్టింది. ఇంకో మనిషి పక్కన కూర్చుని తినడం ఇద్దరికీ చాన్నాళ్ల తర్వాతే.

సాయంత్రం ఐదున్నరకు ఇసుక చల్లబడ్డాక ఒక గుంత కదిలింది. అరచేతిలో పట్టేంత పిల్లలు ఒకదాని మీదొకటి పైకొచ్చాయి. కొండమ్మ వాటిని బుట్టలో తీసుకెళ్లి అలల దగ్గర వదిలింది. అంతలో రెండు కుక్కలు పరుగెత్తుకొచ్చాయి. దూరంగా వల బాగుచేసుకుంటున్న ఒకాయన తెడ్డు పట్టుకుని లేచి వాటిని తరిమాడు. చివరి పిల్ల నీళ్లలోకి వెళ్లేదాకా అక్కడే నిలబడ్డాడు.

“అన్నా, అన్నం తిన్నావా?” అంది కొండమ్మ.

ఆయన వల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

“రేపూ అడుగుతాను” అంది నాతో.

ఏడు దాటాక చీరాలలో తిరుగు రైలు దొరికింది. వెళ్లదలచినవాళ్లు సాయంత్రం ఐదుకల్లా ఒడ్డున ఉండండి. కాపలా ఊరందరిదీ అంటారు, నిజమే. దానికోసం ఒక మనిషి ఏం పోగొట్టుకుందో కూడా చూసి రండి. ఇదంతా ఎవరికైనా చెబుదామని ఫోన్ తీసి, పేర్లన్నీ కిందిదాకా చూసి, లోపల పెట్టేశాను.