ఆరు పాయింట్ రెండు అయిదు

బస్సు కిటికీలోంచి రొయ్యల చెరువుల్లో ఏరేటర్ల చక్రాలు నీళ్ళు చరిచే చప్పుడు వినబడితే, ఇప్పటికీ నా చెవి అటే పోతుంది. ఆ చప్పుడు నా వల్ల ఆగిపోయిన తెల్లవారుజాము ఒకటుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో భీమవరంలో మూర్తిగారి చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. చెరువు గట్టున మేం పెట్టిన కంప్యూటరు నీటిలో ఆక్సిజన్ లెక్కగట్టి, తగ్గితే నీటికి గాలి కలిపే ఏరేటర్లు వేసేది. సెన్సరు కబురు పంపినప్పుడల్లా ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి దాన్ని అందుకోవాలి, అదే ఇంటరప్ట్. కెర్నల్లో, అంటే కంప్యూటర్ని నడిపే మూల ప్రోగ్రాంలో, ఆ కోడు నాది. వేగం కోసం వెక్టర్ రిజిస్టర్లు, అంటే ఒకేసారి నాలుగు అంకెలు పట్టే అరలు, వాడాను.

"అమ్మాయ్, అవతల ఆక్సిజన్ లెక్కగట్టే ప్రోగ్రాం కూడా వాటిలోనే లెక్క చేస్తుంటేనో?" అన్నారు మూర్తిగారు.

"అవన్నీ కెర్నల్ దాచి, మళ్ళీ ఉన్నచోట పెట్టేస్తుంది లెండి," అన్నాను. నాతో వాదించలేక ఊరుకున్నారు.

నెల తిరక్కుండా తెల్లారగట్ల చెరువు యజమాని రాజుగారి ఫోను. "ఏంటమ్మా మీ మిషను? ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉందని ఏరేటర్లు ఆపేసింది. రొయ్యలు పైకి తేలిపోతున్నాయి!"

"మీ కాపలా మనిషి సత్తియ్య సెన్సరు కడిగుండడండి," అనేశాను, ఏమీ చూడకుండానే.

ఆఫీసులో మూర్తిగారు రీడింగులు తెరిచి, మళ్ళీ మళ్ళీ పడిన ఒక అంకె మీద వేలు పెట్టారు. ఆరు పాయింట్ రెండు అయిదు. "ఈ అంకె ఎక్కడిదమ్మా?"

నా కోడు తెరిచాను. అది చెరువుది కాదు. ఆక్సిజన్‌కి గరిష్ఠ పరిమితిగా నా కోడులో నేనే రాసుకున్న అంకె! ఇంటరప్ట్ వస్తే కెర్నల్ దాచేది మామూలు రిజిస్టర్లనే, వెక్టర్ అరల్ని కాదు. ప్రోగ్రాం లెక్క సగంలో ఉండగా నా కోడు చొరబడి, దాని అరలో నా అంకె వదిలేసి వచ్చింది. పాపం, ప్రోగ్రాం అదే తన జవాబనుకుని ఏరేటర్లు ఆపేసింది.

"గుమ్మంలో కబురందుకుని రమ్మంటే, వంటింట్లో దూరి గిన్నెలు మార్చేశావేంటి?" అన్నారాయన.

"పది నిమిషాలండి. ముందు అరలు దాచి, పనయ్యాక ఉన్నవి ఉన్నట్టు పెట్టేస్తాను."

"అది తర్వాత. సత్తియ్యని పొద్దున్నే పనిలోంచి తీసేశారు. నీ మాట మీదే. ముందు ఆ మనిషిని ఉన్నచోట పెట్టు."

రాజుగారు ఏరేటర్లు చేత్తో వేయించబట్టి రొయ్యలు సగమైనా దక్కాయి. ఈ మనిషి సంగతి నాకు తట్టనే లేదు.

మధ్యాహ్నం సత్తియ్యని వెంటబెట్టుకుని గట్టు మీదికెళ్ళి, అందరి ముందూ తప్పు నాదేనన్నాను. రాజుగారు షెడ్డు తాళాలు తిరిగి అతని చేతిలో పెట్టారు.

"కడిగేనని చెప్తానే ఉన్నానండి," అన్నాడు సత్తియ్య, నా వైపు చూడకుండా.

నేను ఇప్పటికీ వాదిస్తాను. కాకపోతే ఒకరి మీద వేలు చూపేముందు, అక్కడ నా అంకె పడి ఉందేమో చూసుకుంటాను.