తెలియదని చెప్పిన సార్

మార్కర్ మూత తీయగానే వచ్చే ఆ ఘాటు వాసనకు ఈమధ్య తలపోటు వస్తోంది. కార్ఖానా ఏరియాలో ఉన్న మా కోచింగ్ సెంటర్‌లో సాయంత్రం బ్యాచ్‌కు బోర్డు మీద 'వాదనను బలపరిచేది ఏది?' అని రాసి, ఒక్క క్షణం గోడకు ఆనుకున్నాను. గొంతు ఎండిపోయింది, కాళ్ళు పీకుతున్నాయి. ఈ పాఠం నాకు నేర్పిన నర్సింగరావు సార్ గుర్తొచ్చారు.

ఆయన బ్యాంకు పరీక్షలకు రీజనింగ్ చెప్పేవారు. ప్రశ్నలు పుస్తకంలోంచి కాక వీధిలోంచి తెచ్చేవారు. ఒకరోజు, "కొత్త హోటల్ పెట్టినంక పక్కనున్న చాయ్ బండికి గిరాకీ తగ్గింది. హోటలే కారణమంటున్నరు. ఈ మాటకు బలమిచ్చేదేంది?" అని అడిగారు. హోటల్ చాయ్ చాలా బాగుంటుందని నేను టక్కున చెప్పాను.

"మంచిగుంటే ఏందమ్మా? బండికాడ తాగెటోళ్ళే ఆడికి పోతున్నరా? అది చూపియ్యి. గట్టిగ చెప్తే బలం రాదు. కారణానికి, మనం తేల్చిన మాటకు నడుమ సందుంటది. అది పూడ్చాలె."

అప్పటికే నేను రెండుసార్లు పరీక్ష తప్పాను. బోయిగూడలో మా నాన్నకు ఫొటో ఫ్రేముల దుకాణం. ఇక చదివింది చాలు, వచ్చి దుకాణంలో కూర్చోమని ఆయన పట్టుబట్టాడు. నేను ఏడ్చి మొత్తుకుంటే, సార్‌నే అడిగి తేల్చుకుంటానని సెంటర్‌కు వచ్చాడు. సెంటర్ యజమాని ఎదురొచ్చి, "నౌకరి పక్కా వస్తది, మీరు పరేషాన్ కాకుండ్రి" అన్నాడు. నాన్న ఆయన్ని దాటుకుని సార్ దగ్గరకు వెళ్ళాడు.

"సార్, మా పిల్లకు ఈసారన్న నౌకరి వస్తదా?"

సార్ కళ్ళద్దాలు తీసి కళ్ళు నలుపుకున్నారు. "తెల్వదు అన్నా. కష్టపడుతున్నది, గని కష్టపడ్డోళ్ళందరికీ రాదు. ఒక్కటి మాత్రం చెప్త. ఇదివరకు తప్పు నేను చూపిస్తే ఏడుస్తుండె. ఇప్పుడు నాకంటె ముందుగాల తనే పట్టుకుంటున్నది."

అయిపోయింది, రేపటి నుంచి దుకాణమే అనుకున్నాను. సార్ మీద ఒళ్ళు మండిపోయింది. ఒక్క అబద్ధం ఆడితే ఆయన సొమ్మేం పోయింది! నాన్నా, నేనూ ఆటో ఎక్కాం. ఇల్లు దగ్గర పడుతుండగా, "అందరు వస్తదన్నోళ్ళే. ఈయనొక్కడే తెల్వదన్నడు. అందుకే నీ గురించి ఈయన చెప్పింది నమ్ముత. ఇంకొక్కసారి రాయి బిడ్డా," అన్నాడు.

రాశాను. రాలేదు. ఫలితాలు చూసి మంచం మీద ముడుచుకు పడుకుంటే, నాన్న చాయ్ తెచ్చి పక్కన పెట్టాడు. "సార్ వస్తదని చెప్పలే గదా," అన్నాడు, అంతే. ఒక్క మాట దెప్పలేదు. ఆ తర్వాత ఈ పాఠాలు చెప్పే పనిలో పడ్డాను. సార్ ఇప్పుడు లేరు.

పిల్లల తల్లిదండ్రులు వచ్చి ఇప్పుడు నన్నూ అదే అడుగుతారు. వస్తుందనేస్తే త్వరగా ఇంటికి పోవచ్చు. తెలియదన్నామంటే మాత్రం, ఆ పిల్ల గురించి నిజంగా తెలిసింది ఏదో ఒకటి చెప్పాలి. అందుకు ఆ పిల్లను రోజూ కనిపెట్టి చూస్తూ ఉండాలి. పాఠం చెప్పడం కంటే అదే ఎక్కువ అలసట. అయినా చూస్తాను. సార్ నన్ను అలాగే చూశారు.