టీవీ బొమ్మకి వేళ్లు పట్టించిన లోవరాజు

పెద్దాపురం చుట్టుపక్కల గేదెని కొనాలన్నా అమ్మాలన్నా లోవరాజు తువ్వాలు కిందకి చెయ్యి వెళ్లాల్సిందే. సంతలో పెద్ద బేరాలు నోటితో సాగవు. అమ్మేవాడొకసారి, కొనేవాడొకసారి తువ్వాలు కింద బేరగాడి చేతిలో వేళ్లు పెట్టి ధర చెబుతారు. ఎవరేం చెప్పారో బేరగాడికి తప్ప నరమానవుడికి తెలియదు. ఆ చీకట్లోనే చాలామంది బేరగాళ్లు నాలుగు వేళ్లని ఐదు చేసేస్తారు. లోవరాజు చెయ్యడు. నలభై ఏళ్లలో ఒక్క వేలు కూడా అటూ ఇటూ చెప్పలేదు. ఆ సంగతి ఆయనే రోజుకి నాలుగుసార్లు చెప్పుకుని జనం ప్రాణం తీస్తాడనుకోండి, అది వేరే గొడవ.

ఆయనకున్న రెండో గర్వం మీసం. పొద్దున్నే దానికి ఆముదం రాసి, దువ్వి, మెలేస్తే గానీ కాఫీ ముట్టడు. “అందులో సగం సేవ గేదెకి చేస్తే పూటకో లీటరు ఎక్కువిచ్చేది” అని భార్య పాపాయి దెప్పేది గానీ, ఆ మీసం చూసే పెళ్లికి ఒప్పుకున్నానని చెల్లెళ్ల దగ్గర మురిసిపోయేది కూడా ఆవిడే.

అలాంటి మనిషి రెండువేల తొమ్మిదిలో రాజమండ్రి వెళ్లి హెచ్‌డీ టీవీ కొనుక్కొచ్చాడు. దాంతోపాటు డిస్కులు తిప్పే పెట్టె, సముద్రంలో రంగురంగుల చేపలు ఈదే డిస్కు ఒకటి. సెట్టింగుల్లో బొమ్మ ఎంత స్పష్టంగా రావాలో ఎంచుకోడానికి నాలుగువందల ఎనభై, ఏడువందల ఇరవై, వెయ్యీ ఎనభై అని మూడు అంకెలున్నాయి. కంటికి ఏది బాగుంటే అది పెట్టుకోమన్నాడు కొట్టువాడు. కంటి మాట వినగానే లోవరాజుకి రోషం వచ్చింది. పళ్లు చూసి గేదె వయసు నెలలతో సహా చెప్పే కన్ను ఆయనది మరి.

పాపాయి తమ్ముడు జగన్నాథరావు, రైసుమిల్లు గుమాస్తా, టీవీ చూడ్డానికొచ్చి పెదవి విరిచాడు. “ఏ అంకె నొక్కినా అదే చేప కదండీ బావగారూ. మా పాత డబ్బా టీవీలో కూడా ఇంతేనండి.”

“తేడా లేదని తేలితే మీసం తీయించేస్తానయ్యా! ఉందని తేలితే నువ్వు తీయిస్తావా?” అనేశాడు లోవరాజు. నోరు జారాక ఇంకేముంది. జగన్నాథరావు ఒక్క క్షణం తటపటాయించి సరేనన్నాడు. ఆయన తటపటాయింపుకి కారణముంది. పైపళ్లు బాగా ఎత్తు. గుబురుమీసమే ఇంటిచూరులా వాటిని కాస్త దాచిపెడుతోంది.

తీర్పు చెప్పడానికి పాపాయి, జగన్నాథరావు, పాలకేంద్రంలో పనిచేసే పక్కింటి ఏసురాజు కూర్చున్నారు. ఒకరి మాట ఒకరు వింటే మొహమాటపడతారని లోవరాజు సంత పద్ధతే పెట్టాడు. మొదటి అంకె బాగుంటే ఒక వేలు, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు, తేడా లేకపోతే పిడికిలి. ఆయన ఒక్కొక్క అంకే నొక్కాడు. నొక్కినప్పుడల్లా తెర నల్లబడేది, మళ్లీ అదే చేప మబ్బుమబ్బుగా వచ్చేది. తువ్వాలు కింద జగన్నాథరావు పిడికిలి పెట్టాడు. ఏసురాజుదీ పిడికిలే. పాపాయి మాత్రం గట్టిగా మూడు వేళ్లు పెట్టింది. వెయ్యీ ఎనభై నొక్కిన సమయానికి ఆవిడ వంటింట్లో పాలు దించుతోందని లోవరాజుకి తెలుసు. మీసం కోసం అబద్ధమాడింది పిచ్చిది. ఆయన గుండె కరిగిపోయింది.

ముగ్గురూ మూడు వేళ్లే పెట్టారని చెప్పేస్తే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

“రెండు పిడికిళ్లు. తేడా లేదు” అని చెప్పి, తిన్నగా మంగలికొట్టుకి వెళ్లిపోయాడు.

మీసం లేకుండా ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి పాపాయి ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక టీవీ మీద విరుచుకుపడింది. “ఈ దరిద్రాన్ని రేపే తిరిగిచ్చేసి రండి!” అంటూ అట్టపెట్టె కిందకి దించింది. సామానంతా లెక్క ప్రకారం ఇవ్వాలిగా అని బీరువా తెరిచి, పట్టుచీరల కింద నుంచి నల్లటి తీగ ఒకటి తీసింది.

“ఇదెక్కడిదే?”

“వాళ్లిచ్చిందేనండి. మొనలు బంగారంలా ఉన్నాయని దాచాను. పాత సీడీ ప్లేయరు తీగలు ఉండనే ఉన్నాయిగా, మీరు అవే పెట్టారు.”

లోవరాజు ఆ మొన చూశాడు, టీవీ వెనక ఖాళీగా ఉన్న బెజ్జం చూశాడు. రెండూ ఒకే కొలత. తీగ పెట్టి వెయ్యీ ఎనభై నొక్కేసరికి చేప ఒంటిమీద పొలుసులు లెక్కపెట్టొచ్చు. తప్పు టీవీది కాదు, పాత తీగలది. గడ్డి తిన్నట్టయింది ఆయనకి.

మర్నాడు మళ్లీ ముగ్గుర్నీ కూర్చోబెట్టాడు. మూడు అంకెలూ వరసగా నొక్కి చూపించాడు. ఏసురాజు నోరు తెరుచుకుని మూడు వేళ్లు పెట్టాడు. పాపాయి ఈసారి నిజంగా చూసే మూడు పెట్టింది. ఆఖరికి జగన్నాథరావు చెయ్యి తువ్వాలు కిందకొచ్చింది. చెమటతో తడిసిపోయి ఉంది. టీవీ వంక చూశాడు, బావగారి బోడిమూతి వంక చూశాడు. పిడికిలి పట్టినా బయటపెట్టేవాడు లేడు. వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. మూడు.

లోవరాజు ఆ మూడు వేళ్లనీ చాలాసేపు వదల్లేదు. ఇంత మంచివాణ్ణి ఎత్తుపళ్లతో ఊళ్లో తిప్పడానికి ఆయనకి మనసొప్పలేదు.

“ముగ్గురూ పిడికిలేనండి” అన్నాడు. “వెయ్యీ ఎనభైకీ మిగతావాటికీ ఏం తేడా లేదు.”

తెర మీద చేప ధగధగా మెరుస్తోంది. జగన్నాథరావు తలొంచుకుని కళ్లు తుడుచుకున్నాడు.

“అదేంటండీ, నేను మూడు వే—” అన్నాడు ఏసురాజు.

“కాఫీ తాగండి ఏసురాజుగారూ” అంది పాపాయి.