వంకరగా అతికిన ముక్కు ఎముక

పాతిన ఏడేళ్లకు సమాధి తవ్వి, ఎముకలు తుడిచి కుండలో సర్దడం తైవాన్ కొండల్లో టియన్‌హొక్ పని. ఒక ఏడాది కొండచరియ విరిగి రెండు సమాధులు కలిసిపోయాయి. బురదలోంచి రెండు పుర్రెలు తేలాయి. వాటిలో తన మొగుడిది ఏదో తెలియక సియుగిమ్ కూలబడింది. బతికినన్నాళ్లూ పరాయివాడి తలకు దణ్ణం పెట్టాలా?

"గుర్తేమైనా ఉందా చెల్లెమ్మా?"

"ఇంత పొడుగు ముక్కు అన్నా!"

"ముక్కు కొన ముందే మట్టయిపోతుందమ్మా. కళ్ల మధ్య గోరంతేసి ఎముకలు రెండే మిగులుతాయి. అక్కడెప్పుడైనా దెబ్బ తగిలిందా?"

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"గేదె మీంచి పడ్డానని ఊరంతా చెప్పుకున్నాడు. రోకలితో కొట్టింది నేనే."

"పాపం, గేదెకు చెడ్డపేరు!" అంటూ టియన్‌హొక్ పుర్రెలను బొటనవేలితో తడిమాడు. ఒకదానికి ఆ ఎముకలు విరిగి, వంకరగా అతుక్కున్నాయి. మనిషి దాచింది ఎముక దాచదు. ఈ కథ చెప్పే నేను తిరిగిన దేశాలన్నిటా ఇంతే.

ఆ పుర్రెకు దూది చుట్టి, ఆచారం ప్రకారం ఎర్రరంగుతో కళ్లూ నోరూ గీశాక అతను కుంచె ఆపాడు.

"ముక్కు తిన్నగా గీసెయ్యనా? పైలోకంలోనైనా అందంగా ఉంటాడు."

"వద్దన్నా, ఉన్నట్టే గియ్యి. అక్కడ వాళ్లమ్మ ముక్కేమైందని అడిగితే ఈసారైనా నా పేరు చెప్పాలి."