ఉప్పుగూడలో గుసగుసల బడి

1983 ఏప్రిల్. ఉప్పుగూడ రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక చిన్న ప్రైవేటు బడిలో నేను రెండో తరగతి చెప్పేవాణ్ణి. బి.ఎడ్. పూర్తయి రెండేళ్ళయింది. పిల్లల చదువు గురించి నాకు తెలియనిది పెద్దగా ఏమీ లేదని అప్పట్లో నా అభిప్రాయం. దాంతో ఏకీభవించినవాళ్ళు నాకెవరూ తారసపడలేదు గానీ, ఎదురుగా ఖండించినవాళ్ళూ లేరు.

నా తరగతిలో సుజాత అనే ఎనిమిదేళ్ళ పిల్లకు ఆ ఏడాది టైఫాయిడ్ వచ్చి మూడు నెలల బడి పోయింది. వార్షిక పరీక్షకు వచ్చి కూర్చుంది. కూర్చోవడం వరకు బాగానే కూర్చుంది. హెడ్మాస్టరు గారు కాస్త దయ తలిచి ఒక అవకాశం ఇచ్చారు. జూన్‌లో బడి తెరిచిన రోజున ఆయన ముందు పది లెక్కలు చెయ్యాలి, రెండో తరగతి వాచకంలో ఆయన చూపించిన పేజీ చదవాలి. చదివితే మూడు, లేకపోతే మళ్ళీ రెండు.

మర్నాడే వాళ్ళమ్మ యాదమ్మ వచ్చింది. ఐదో తరగతి దాకా చదువుకున్న మనిషి.

"సార్, మల్లా రెండే అంటే పిల్లల బాపు ఊకోడు. 'పిల్ల ఇంట్లుండి పని నేర్సుకోని, దాని జాగల శీనుగాన్ని ఏస్త బడికి' అంటుండు. ఎండకాలం ఇంట్లనే కూసోబెట్టి నేనే చెప్త. ఏం చెప్పాల్నో, ఎట్ల చెప్పాల్నో జర రాసియ్యుండ్రి."

శీను ఆమె రెండోవాడు, ఐదేళ్ళవాడు. వాడికీ కాస్త అక్షరాలు దిద్దించాలంది.

అంటే ఆమె నన్ను అడిగింది లెసన్ ప్లాన్. ఏ రోజు, ఏ గంటకు, ఏ పాఠం, ఏ పద్ధతిలో చెప్పాలో ముందే రాసిపెట్టుకునే కాగితం అది. మామూలుగా ఇన్‌స్పెక్టరు రాబోయే ముందు రోజు రాస్తాం. దాన్ని అడిగి మరీ కోరుకున్న మనిషిని నేను చూడటం అదే మొదలు. రెండు రోజులు కూర్చుని, పెద్ద చార్టు మీద, మూడు రంగుల సిరాతో ఆరు వారాలకు ప్లాన్ రాశాను. తొమ్మిది నుంచి పది మోడల్ రీడింగ్, అంటే తల్లి పైకి చదివి వినిపించడం. పది నుంచి పదకొండు లౌడ్ రీడింగ్, అంటే పిల్ల గొంతెత్తి చదవడం. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఎక్కాలు, శీనుకు చప్పట్లతో పాటలు. సైలెంట్ రీడింగ్, అంటే పెదవి కదపకుండా కళ్ళతో చదవడం, చిట్టచివరి వారంలో. గొంతుతో చదవడం వచ్చాకే కళ్ళతో చదవడం వస్తుందని మాకు కాలేజీలో నూరిపోశారు.

యాదమ్మ చార్టును చాలాసేపు చూసింది.

"మస్తుంది సార్. గిదంత పెద్దగ సదవాల్నా?"

"ఎంత పెద్దగా చదివితే అంత మంచిదమ్మా."

ఆమె ఇంకేదో అనబోయి, చార్టు చుట్టుకుని వెళ్ళిపోయింది. దాన్ని నేను మెచ్చుకోలు కింద జమ చేసుకున్నాను.

పదిహేను రోజుల తర్వాత, నా కళాఖండం ఎలా నడుస్తోందో చూద్దామని పదకొండు గంటలప్పుడు వాళ్ళింటికి వెళ్ళాను. రైలు పట్టాల పక్కన ఒకే ఒక్క గది. తలుపు దగ్గరే యాదమ్మ పెదవుల మీద వేలు పెట్టి నన్ను ఆపింది. లోపల గది మధ్యలో, చాప మీద, పొడుగాటి మనిషి ఒకాయన పడుకుని ఉన్నాడు. పిల్లల బాపు మల్లేశం.

యాదమ్మ గుసగుసగా చెప్పిన సంగతి ఇది. మల్లేశం కంచన్‌బాగ్‌లో లోహాలు కరిగించే ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని చేస్తాడు. ఎండాకాలం పగటి పూట అక్కడ నిలబడటం కష్టం కాబట్టి, తోటివాళ్ళతో మాట్లాడుకుని రెండు నెలలూ నైట్ షిఫ్టే తీసుకున్నాడు. పొద్దున ఏడున్నరకు వచ్చి, తిని పడుకుంటే మూడింటిదాకా లేవడు. లేచేసరికి నల్లా వస్తుంది. ఇక నీళ్ళు పట్టడం, వంట, ఆయన డ్యూటీకి అన్నం డబ్బా. ఆ తర్వాత యాదమ్మకు పలక ముట్టే తీరిక ఉండదు. పగలు పిల్లల్ని బయట అరుగు మీద కూర్చోబెడదామంటే అది తొమ్మిదింటికే రొట్టెల పెనంలా కాలుతుంది.

అంతలో ఒక గూడ్సు బండి వెళ్ళింది. గూట్లోని గిన్నెలు దడదడలాడాయి. మల్లేశం కదలలేదు.

"రైలుకు లేవడు సార్" అంది యాదమ్మ. "పిల్ల 'ఆవు' అంటే లేస్తడు. లేసి లొల్లి పెడ్తడు. పాపం, ఆయిన తప్పు గాదు. నిద్ర లేకపోతే కొలిమి కాడ కష్టం."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడగలే గద సార్. గంత మంచిగ రాసిండ్రు, ఎట్ల జెప్పాలె?"

చార్టు కోసం చూశాను. దేవుడి పటం పక్కన వేలాడుతోంది. దానికీ బొట్టు పెట్టారు. అంతకు మించి దాన్ని వాడిన గుర్తులు లేవు.

కానీ ఆ గదిలో బడి నడుస్తోంది. బాపు లేస్తాడని యాదమ్మ పిల్లలతో మాట్లాడటమే మానేసి, చెప్పాల్సింది పలక మీద రాయడం మొదలుపెట్టింది. నా ఎదుటే "చెంబు తే" అని రాసి చూపించింది. సుజాత చదివి, అడుగులో అడుగేసి వెళ్ళి చెంబు తెచ్చింది. "తమ్మున్ని లేపు" అని రాసింది. శీను మూలన ముడుచుకుని నిద్రపోతున్నాడు. మేలుకున్నప్పుడు వాడికి చింతగింజలతో లెక్కలు. గింజలు గచ్చు మీద టకటకమనకుండా కింద బొంత పరిచింది. వాచకం కూడా అయిందట. సుజాత తల్లి చెవి దగ్గర నోరు పెట్టి చదివితే, తల్లి తలాడించేది.

నేను ఆఖరి వారానికి వాయిదా వేసిన సైలెంట్ రీడింగ్‌తో ఈమె మొదలుపెట్టింది. అది సాధ్యం కాదని మా కాలేజీలో పరీక్షకు రాసి నేను మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఇంటికి వెళ్తూ, అంతా సవ్యంగానే ఉందని నిర్ణయించుకున్నాను. అది నా రెండో తప్పు.

జూన్‌లో బడి తెరిచారు. హెడ్మాస్టరు గారి గదిలో సుజాత పది లెక్కలూ చేసింది. పదీ రైటు. ఆయన వాచకం తెరిచి ఒక పేజీ చూపించారు. పెద్దాయన. ముప్పై ఏళ్ళు పిల్లల కేకల మధ్య గడిపిన చెవులు, కొంచెం మందం.

సుజాత పెదవులు కదిలాయి.

"ఏమంటోందయ్యా?"

"చదువుతోంది సార్."

"నాకు వినపడలేదే. గట్టిగా చదువు తల్లీ."

సుజాత పెదవులు ఇంకా వేగంగా కదిలాయి. నేను పక్కన నిలబడ్డాను కాబట్టి నాకు తెలుసు, ఒక్క అక్షరం తప్పు పోలేదు. కానీ ఆ గొంతు బల్ల దాటి అవతలికి పోవడం లేదు. ఆరు వారాలు అచ్చు పుస్తకం చేతిలో ఉందంటే గొంతు లేపకూడదని నేర్చుకున్న పిల్ల అది. నేనూ "గట్టిగా, గట్టిగా" అన్నాను. అన్నకొద్దీ తగ్గింది.

"పలక మీద ఏదైనా రాసి చూపించండి సార్, చదివి చేసి చూపిస్తుంది" అన్నాను.

"రీడింగ్ టెస్ట్ అంటే నోటితోనయ్యా. నాకు వినపడనిది చదువని నేనెలా రాసుకోను?" అని ఆయన రిజిస్టరు దగ్గరకు లాక్కుని కలం మూత తీశారు. ఆయన మాటలో అన్యాయం ఏమీ లేదు. తీరిక దొరికిన రోజు ఒక్క గంట ఆ పిల్లను బడి వరండాలో కూర్చోబెట్టి పైకి చదివించి ఉంటే సరిపోయేది. నేను ఆ గంటను ప్లాన్‌లో వెయ్యలేదు.

యాదమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. సిరా చుక్క కాగితం మీద పడకముందే అంది:

"బిడ్డా, బాపు లేసిండు."

సుజాత తల తిప్పి గుమ్మం వైపు చూసింది. మళ్ళీ పుస్తకంలోకి చూసి మొదటి వాక్యం అందుకుంది. పక్క గదిలో మూడో తరగతి ఎక్కాలు చెబుతోంది, అది ఆగిపోయింది. అటెండరు వచ్చి తొంగిచూశాడు. హెడ్మాస్టరు గారు "చాలు తల్లీ, చాలు" అని రెండుసార్లు అన్నారు. ఆ పిల్ల వినిపించుకోకుండా పేజీ చివరిదాకా పోయి, తిప్పి, తర్వాతి పేజీ కూడా మొదలుపెట్టింది. ఆయన మూడు అని రాసి, కలం మూత పెట్టి, చెవి రుద్దుకున్నారు.

యాదమ్మ అబద్ధం చెప్పలేదని బయటికి వచ్చాక తెలిసింది. గేటు దగ్గర మల్లేశం నిలబడి ఉన్నాడు, డ్యూటీ నుంచి ఇంటికి పోకుండా, చేతిలో ఖాళీ డబ్బాతో.

"గింత గొంతుందా దీనికి?" అన్నాడు. "యాదమ్మా, ఇంట్ల గూడ గిట్లనే సదవమను."

"మరి నువ్వెట్ల పండుకుంటవు?"

"రైలుకు అలవాటైన. దీనికి గానా?"

ఆ తర్వాత నా సర్వీసులో ఎందరో తల్లిదండ్రులకు వేసవి చదువుల ప్లాన్లు రాసిచ్చాను. రంగు సిరాలు మానేశాను. పాఠం, పద్ధతి, గంటలు అన్నిటికంటే ముందు, మొదటి గడిలో ఒక ప్రశ్న రాసి, జవాబు వచ్చేదాకా మిగతా కాగితం ఖాళీగా ఉంచేవాణ్ణి: మీ ఇంట్లో ఎవరు ఏ వేళ పడుకుంటారు? చివర్లో ఇంకో ప్రశ్న ఉండేది: అందరూ మేలుకుని ఉండే గంట ఏది? ఒకసారి ఇన్‌స్పెక్టరు గారు ఆ కాగితం చూసి, ఇది ఏ పుస్తకంలోదని అడిగారు. ఉప్పుగూడలోదని చెప్పాను. ఆయన రాసుకున్నారు.