రాజవ్వ ఇంటి పాత రికార్డర్

నిరుడు వానాకాలం చివర, బతుకమ్మ పండుగకు ఇంకా మూడు వారాలున్నప్పటి మాట ఇది. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో నాకు చిన్న దుకాణం ఉంది. ఇండ్ల మీద డిష్షులు బిగించడం, సెట్‌టాప్ బాక్సులు అమ్మడం, అవి మొరాయిస్తే వెళ్లి బుజ్జగించడం నా పని. పెళ్లికి ముందు నుంచీ ఇదే చేస్తున్నాను. ఏ ఊళ్లో ఏ ఇంటి నిచ్చెన ఊగుతుందో, ఎవరి కుక్క కరుస్తుందో, ఎవరు టీ ఇవ్వకుండా పంపిస్తారో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఆ నెలలోనే మా కంపెనీ కొత్త రికార్డర్ దింపింది. రికార్డర్ అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. మామూలు బాక్స్ వచ్చే కార్యక్రమాన్ని చూపించి ఊరుకుంటుంది. రికార్డర్‌లో కంప్యూటర్లో ఉండేలాంటి హార్డ్ డిస్క్ ఉంటుంది. మనం ఇంట్లో లేనప్పుడు వచ్చే సీరియల్‌ను అది దాచిపెడుతుంది, తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చు. కొత్తదానిలో ఒకేసారి మూడు చానళ్లు రికార్డవుతాయి, బొమ్మ 'ఫోర్ కె' రకం, అంటే నటి ముక్కుపుడకలో రాయి కూడా లెక్కపెట్టొచ్చు. పాతది తిరిగి ఇచ్చేవాళ్లకు ధరలో తగ్గింపు కూడా ఉంది. నేనైతే సంబరపడిపోయి పాత రికార్డర్ ఉన్న ఇండ్లన్నిటికీ ఫోన్లు కొట్టాను. చాలామంది "ఫోన్లనే అన్నీ జూస్తున్నం" అని పెట్టేశారు. ఎల్లారెడ్డిలో ఉండే రాజవ్వ మాత్రం నన్ను మాట పూర్తిచేయనివ్వలేదు.

"నువ్వే చేసినవా, మంచిగైంది కొడుకా! మా డబ్బ పొద్దుగాల్నుంచి టక్కుటక్కుమంటున్నది. జల్ది రా. సీరియల్ దొరకకుంటే వీళ్లు నన్ను బజార్ల నిలవెడ్తరు."

రాజవ్వ బీడీలు చుట్టే మనిషి. ఆ రికార్డర్ ఎన్నో ఏండ్ల కింద నేనే పెట్టాను. కొత్త డబ్బాను స్కూటర్ మీద కట్టుకుని బయలుదేరితే తాడ్వాయి దాటాక వాన పట్టుకుంది. డబ్బాకు నా రెయిన్‌కోటు తొడిగి, నేను తడిసి ముద్దయి ఆమె వాకిట్లో దిగాను.

అర్రకు, అంటే టీవీ ఉన్న గదికి, ముందున్న వరండాలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు వరుసగా కూర్చున్నారు. ప్రతి ఒక్కరి ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం ఉన్నాయి. లోపల టీవీలో సీరియల్ నడుస్తోంది. అందులో అత్త ఏదో కుట్ర చేస్తుంటే వీళ్లు ఆమెను నోటికొచ్చినట్టు తిడుతున్నారు. తల మాత్రం ఒక్కరూ ఎత్తడం లేదు. నేను టీవీ వైపు చూసి అదిరిపడ్డాను. తెర సగం నల్లగా ఉంది. మిగిలిన సగంలో అత్త చెవి కమ్మలు మాత్రం కనిపిస్తున్నాయి.

"అవ్వా, టీవీ సగం పోయింది గదా! ఎన్నడైంది?"

"అయ్యో, పోయిందా?" అని రాజవ్వ నన్నే అడిగింది.

పక్కనున్న లక్ష్మి పకపకా నవ్వింది. వాళ్లందరిలో చిన్నది, నోరు పెద్దది. "పోయిన దసరకే పోయింది అన్నా. ఎవరు జూస్తున్నరు? కండ్లు ఆకు మీదుండాలె. జర పక్కకు జూస్తే బీడీ వంకర వోతది, కార్ఖానల వాపస్ జేస్తరు. మాకు చెవులుంటె సాలు."

నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. ముక్కుపుడకలో రాళ్లు చూపించే డబ్బాను వానలో మోసుకొచ్చి నేను అమ్మబోతున్నది అసలు బొమ్మే చూడనివాళ్లకు. అయితే రికార్డర్ మాత్రం వాళ్లకు కావలసిందే. మధ్యాహ్నం అందరూ కార్ఖానాకు వెళ్లి చుట్టిన బీడీలు అప్పగించి, మరుసటి రోజుకు ఆకూ తంబాకూ తెచ్చుకోవాలి. సరిగ్గా ఆ వేళకే వాళ్ల సీరియల్ వస్తుంది. తిరిగొచ్చాక అందరూ రాజవ్వ వరండాలో కూర్చుని ఒకేసారి వింటారు. ముందే ఎవరూ కథ తెలుసుకోకూడదు, అది అక్కడి కట్టుబాటు. లక్ష్మి ఒకసారి ఫోన్‌లో చూసేసి, చచ్చాడనుకున్న మొగుడు బతికే ఉన్నాడని నోరు జారితే, చాలా రోజులు ఎవరూ ఆమెతో మాట్లాడలేదట.

పాత రికార్డర్ మూత విప్పగానే తంబాకు ఘాటుకు నాకు వరుసగా తుమ్ములొచ్చాయి. గాలి ఆడే సందులన్నీ తంబాకు దుమ్ముతో పూడుకుపోయి ఉన్నాయి. దాని మీద పసుపు, కుంకుమ కూడా.

"ఇదేంది అవ్వా?"

"దసరకు పనిముట్లకు పెట్టమా? చాటకు వెట్టినం, కత్తెరకు వెట్టినం, దీనికి వెట్టొద్దా? ఇది గుడ మాతోని పనిచేస్తున్నది."

దుమ్ము ఊది, హార్డ్ డిస్క్‌కు చెవి ఆనించి విన్నాను. లోపల సూది తడబడుతూ టక్కుటక్కుమంటోంది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. అది మొదలైన డిస్క్ ఎక్కువ రోజులు బతకదు. ఆ మాటే చెప్పాను. కొత్తది పెట్టేద్దామని అందరూ ఒక్కమాటగా అన్నారు. ఒకేసారి మూడు సీరియళ్లు దాస్తుందంటే లక్ష్మి చప్పట్లు కొట్టింది. కేబుల్ మీద చెయ్యి వేసి, అలవాటుగా అడిగే మాట అడిగాను.

"పాతదాంట్ల దాసినయన్ని పోతయి అవ్వా. కొత్తదాంట్లకు రావు. సరేనా?"

ఏ రికార్డర్ దాచింది ఆ రికార్డర్‌లోనే తెరుచుకుంటుంది. ఎవరూ నకలు తీసుకోకుండా కంపెనీ అలా తాళం వేస్తుంది. డిస్క్ పీకి మరోచోట పెట్టినా లాభం లేదు. ఇది మామూలుగా ఎవరూ పట్టించుకోరు, "పోతే పోనీ" అంటారు. ఇక్కడ మాత్రం చేతులన్నీ ఆగిపోయాయి. అందరూ గోడ మూలకు చూశారు.

అక్కడ సాయవ్వ కూర్చుని ఉంది. అందరికన్నా పెద్దది, అందరికన్నా చురుకైన చెయ్యి. రాజవ్వ రిమోట్ తీసి ఏదో నొక్కింది. కొన్నేండ్ల కింద ఒక చానల్ వాళ్లు ఎల్లారెడ్డి బతుకమ్మను చూపించిన కార్యక్రమం అది. సగం తెర మీద పట్టుచీరలు కట్టిన అమ్మాయిలు గుండ్రంగా తిరుగుతున్నారు. వాళ్ల వెనుక నుంచి, ఎక్కడో కనిపించని చోటు నుంచి ఒక గొంతు లేచింది.

"ఆకు తడిపిన చేయి ఉయ్యాలో
పువ్వు పేర్చిన చేయి ఉయ్యాలో..."

ఏం గొంతండీ అది! నా తడిసిన చొక్కా సంగతి కూడా మరిచిపోయాను. ఇంకో చరణం మొదలవబోతుండగా పాట తెగిపోయి సబ్బు ప్రకటన వచ్చింది. వరండాలో అందరూ ఒక్క గొంతుతో ఆ సబ్బు పేరు పాడి నవ్వేశారు. రోజూ సీరియల్‌కు ముందు ఈ పాట పెట్టుకుని వాళ్లు చేసే పనే అదట. ఆ ప్రకటన తర్వాత పాట మళ్లీ రాలేదట.

"గది మా సాయక్క గొంతు," అంది రాజవ్వ. "మనిషిని జూపియ్యలే, గొంతొక్కటి దొరికింది. ఆ తర్వాత ఏడాదికి గొంతుల గడ్డలేసి ఆపరేషనైంది. పానం నిలిచింది, పాట వోయింది."

"సబ్బు వచ్చినంక ఇంక ఏం పాడినవమ్మా?" అని సాయవ్వను అడిగాను.

"ఎవ్వలికి చెప్పది," అంది లక్ష్మి. "అప్పటికప్పుడు కట్టిన పాట. ఎంత బతిమాలినా చెప్పది."

సాయవ్వ తలెత్తింది. ఇసుక మీద చెప్పు రాసినట్టు గరగరలాడే గొంతుతో అంది. "పాటను మాట లెక్క చెప్తే ఏం రుచి బిడ్డా? మార్చు, డబ్బ మార్చు. నా పాట కోసం వీళ్ల సీరియల్ ఆగుతదా?"

"నువ్వు సప్పుడు చెయ్యకు అక్కా!" అని రాజవ్వ గయ్యిమంది. తర్వాత నా వైపు తిరిగింది. "కొత్తదొద్దు, ఏదొద్దు. నీది నువ్వు తీస్కపో."

"తీస్కపోత అవ్వా. కని గీ పాతది ఉంచినా ఆగదు. రేపో ఎల్లుండో ఇదే చచ్చిపోతది. అప్పుడు సీరియలూ ఉండదు, పాటా ఉండదు."

రాజవ్వ మొహం చూసి, ఎందుకన్నానా అనిపించింది. అమ్మకం సంగతి మనసులోంచి ఎగిరిపోయింది. ఆ గొంతు నా కండ్ల ముందే పోతుందేమోనని నిజంగా భయమేసింది. ఫోన్‌తో టీవీని వీడియో తీద్దామనుకున్నాను. ఆ సగం తెరలో తీయడానికి ఏముందని విసుక్కున్నాను కూడా. అప్పుడు వెలిగింది నా మట్టి బుర్రకు. బొమ్మలో సాయవ్వ లేనే లేదు! బొమ్మ ఎవరికి కావాలి? రికార్డర్ వెనుక ఎరుపు, తెలుపు రంధ్రాలు రెండుంటాయి. వాటిలోంచి శబ్దం ఒక్కటే బయటికి వస్తుంది. దానికి తాళం గీళం ఏమీ లేదు.

ఎల్లారెడ్డిలో పెళ్లిళ్లకూ పండుగలకూ మైక్‌సెట్ పెట్టే ఖాజాభాయ్ నాకు పాత దోస్తు. ఫోన్ చేస్తే మిక్సర్‌ను స్కూటర్ మీద పెట్టుకుని వచ్చాడు. మిక్సర్ అంటే వచ్చిన శబ్దాన్ని సరిచేసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే పెట్టె.

"గొంతొక్కటే గదా? ఫికర్ చెయ్యకు భాయ్, చిటికెల పని," అన్నాడు.

చిటికెలో అవలేదు. పాట మొదలైన కాసేపటికే డిస్క్ టక్కుమని ఆగిపోయింది. మళ్లీ పెట్టాం, మళ్లీ అక్కడే ఆగింది. చెయ్యి పెట్టి చూస్తే పెనంలా కాలుతోంది. దాన్ని చల్లబరచాలని చెప్పి, ఫ్యాన్ ఉందా అని అడిగానో లేదో, కరెంటు పోయింది. రాజవ్వ దేవుడికి, కరెంటు వాళ్లకు కలిపి దండకం చదివింది.

అప్పుడు లక్ష్మి తన చాటలోని ఆకూ తంబాకూ గబగబా చీరకొంగు మీద కుమ్మరించి లేచింది. ఖాళీ చాటతో రికార్డర్‌కు విసరడం మొదలుపెట్టింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ చాటలు ఖాళీ చేశారు. పని వేళలో నీళ్లు తాగడానికి కూడా లేవనివాళ్లు ఆ డబ్బా చుట్టూ నిలబడి చాటలతో విసురుతుంటే, తంబాకు దుమ్ముకు ఖాజాభాయ్, నేను పోటీపడి తుమ్మాం. సాయవ్వ మాత్రం కూర్చున్నచోటే కూర్చుని, "పిచ్చిముండల్లారా," అంటూ కండ్లు తుడుచుకుంది.

కరెంటు వచ్చింది. మళ్లీ నొక్కాను. పాట మొదలైంది, ఆగేచోటు దాటింది, సబ్బు ప్రకటన దాకా వచ్చింది. పెన్‌డ్రైవ్ పీకి వినిపించాక వాళ్లు వేసిన కేకకు ఎదురింటి వాళ్లు పరుగెత్తుకొచ్చారు.

ఇక డబ్బా మార్చాలా వద్దా అన్న పేచీయే లేదు. రాజవ్వ కొత్తది పెట్టించుకుంది, మూడు సీరియళ్లు దాచేదే. టీవీ మార్చమంటే మాత్రం ససేమిరా అంది. మా జిల్లాలో అన్నిటికన్నా స్పష్టమైన బొమ్మ ఇప్పటికీ ఆ సగం నల్ల తెరలోనే వస్తోంది. పాతదాన్ని అప్పగించేముందు దానికి ఇంకోసారి బొట్టు పెట్టింది. కంపెనీ ఆఫీసులో పాత డబ్బాలు తీసుకునే పిల్లవాడు కుంకుమ తుడుస్తూ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం మా ఆవిడను తీసుకుని ఎల్లారెడ్డి వెళ్లాను. రాజవ్వ వాళ్ల గల్లీలో ఖాజాభాయ్ మైక్‌సెట్ పెట్టాడు. గునుగు, తంగేడు పూల బతుకమ్మల చుట్టూ ఆడవాళ్లంతా తిరుగుతుండగా స్పీకర్లలో సాయవ్వ గొంతు లేచింది. ఒక్కో లైను ఆమె గొంతు ఎత్తుకుంటే "ఉయ్యాలో" అని గల్లీ అంతా జవాబిచ్చింది. సాయవ్వ మధ్యలో నిలబడి పెదాలు కదుపుతోంది. పాట తెగేచోటు వచ్చింది. అలవాటు కొద్దీ సబ్బు పేరు పాడదామని అందరూ నోళ్లు తెరిచారు. అయితే ఖాజాభాయ్ ఆ ప్రకటనను ముందే కత్తిరించేశాడు. ఏమీ రాలేదు. తెరిచిన నోళ్లు అలాగే ఉండిపోయాయి.

సాయవ్వ చెయ్యి చాపి, "ఇటియ్యి," అంది. రాజవ్వ మైకు తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టింది. గరగరలాడే ఆ సన్నని గొంతు స్పీకర్లలో గల్లీ చివరిదాకా వినిపించింది.

"పట్టుచీరలు జూపె ఉయ్యాలో
పాడెటోళ్ల మరిసె ఉయ్యాలో..."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత లక్ష్మి పడీపడీ నవ్వింది, ఆమె వెనుక గల్లీ మొత్తం నవ్వింది. చానల్ వాళ్లు తన మొహం చూపకుండా చీరలు చూపిస్తున్నారని ఆ రోజే గమనించి, ఆ పాటలోనే వాళ్లను దులిపేసింది ఆ మహాతల్లి! "ఉయ్యాలో" అని అందరూ అందుకున్నారు. సాయవ్వ ఇంకో చరణం ఎత్తుకుంది, అదీ అప్పటికప్పుడు కట్టిందే.

నేను మాత్రం కాస్త ఆలస్యంగా నవ్వాను. ఆ చరణం నాకూ తగిలింది. డిష్ ఏ వైపు తిప్పాలో, సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తుందో ఇన్నేండ్లూ చూశాను గానీ, అది ఎవరి దాకా చేరుతోందో ఎప్పుడూ కూర్చుని చూడలేదు. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి "కొత్త రికార్డర్ తీసుకోమంటవా?" అని అడిగితే వెంటనే జవాబు చెప్పను. వాళ్లింటికి వెళ్లి, మేడ ఎక్కకముందే, ఆ ఇంటివాళ్లు రోజూ కూర్చునే చోట కాసేపు కూర్చుంటాను. దాచుకున్నవాటిలో పోకూడనిది ఏమైనా ఉందా అని అడుగుతాను. చాలా ఇండ్లలో ఏదో ఒకటి ఉంటుంది.