ఇస్త్రీ వద్దన్న చొక్కాలు

డార్కస్ పెల్ ఇరవై ఏళ్ళుగా గవర్నరు ఇంటి బట్టలు ఉతుకుతోంది. ఆ ఇంట్లో ముప్పై ఆరు చొక్కాలు ఉండబట్టి ఆరు వారాలకోసారే మూట వచ్చేది. గవర్నర్లు మారారు, ఇంగ్లండులో రాజుగారూ మారారు, మూట మాత్రం మారలేదు.

1775 వేసవికి, ఇంగ్లండుకు సముద్రం అవతల ఉన్న ఆ వలస ఊళ్ళో సగంమంది రాజుకు ఎదురు తిరిగారు. "రాజుగారి మురికి మోస్తోంది" అని ఒక వర్తకుడు నడివీధిలో డార్కస్ మొహం మీదే అన్నాడు. ఆమె భర్త ఈనక్ అతని దవడ విరగ్గొట్టి జైలుకెళ్ళాడు. ఇప్పుడు జైల్లో జ్వరాలు. ఆ వారంలోనే ఇద్దరు పోయారు. ఈనక్ విడుదల కాగితం మూడు వారాలుగా గవర్నరు బల్ల మీద పడి ఉంది.

మంగళవారం మధ్యాహ్నం గవర్నరు ఇంట్లో పనివాళ్ళ మీద పెత్తనం చేసే మిసెస్ ట్రిగ్ స్వయంగా వచ్చింది.

"బట్టలన్నీ ఇప్పుడే పంపెయ్. ఇస్త్రీ అక్కర్లేదు."

"సగం బూడిద నీళ్ళలోనే ఉన్నాయమ్మా."

"తడివైనా పంపమంటున్నా. చెవుడా నీకు?"

నలిగిన చొక్కాతో గవర్నరు తోటలోకి కూడా రాడు. ఇస్త్రీ వద్దన్నాడంటే అవి ఇక్కడ వేసుకోవడానికి కాదు. రేవులో మూడు రోజులుగా యుద్ధనౌక ఆగి ఉంది. ఆయన ఓడెక్కితే ఈనక్ కాగితం మీద సంతకం పెట్టే దిక్కే ఉండదు. డార్కస్ చేతులు తుడుచుకుని, ఖాళీ చేతులతోనే పెద్దింటికి నడిచింది.

గవర్నరు తనే వంటింట్లోకి వచ్చాడు. విగ్గు లేదు, గుండు మీద టోపీ. లోపల పెట్టెలకు మేకులు కొడుతున్నారు.

"నా బట్టలేవీ?"

"మా ఇంట్లో ఉన్నాయి దొరగారూ. మా ఆయన కాగితం మీ బల్ల మీద ఉంది."

"ఎంత పొగరు దీనికి!" అంది మిసెస్ ట్రిగ్.

ఆయన చెయ్యెత్తి ఆపాడు. "మేం వెళ్తున్నామని ఎవరితోనైనా అన్నావా?"

"ఇంకా లేదండీ."

గవర్నరు కలం తెప్పించాడు.

తడి బట్టలు బండికెక్కించి, డార్కస్ జైలుకు పరుగెత్తింది. జైలరు సైలస్ కాగితం రెండుసార్లు చదివాడు.

"ఆ దవడ విరిగినాయనే ఇప్పుడు తిరగబడ్డవాళ్ళ కమిటీకి పెద్ద. ఈనక్‌ను వదిలితే నా తోలు ఒలుస్తాడు. గవర్నరు ఉంటే సరే, ఈ సంతకం చూపించి తప్పించుకుంటా. పోతే నా గతేంటి? పారిపోతాడేమోనని ఊరంతా అంటోంది. ఆ ఇంటి మూట మోసేదానివి, నిజం చెప్పు."

"పోయేవాడు ముప్పై ఆరు చొక్కాలు ఉతకడానికి వేస్తాడా, సైలస్?"

సైలస్ గడ్డం గోక్కున్నాడు. "వెయ్యడులే" అని తాళం తీశాడు.

ఈనక్ గోడ పట్టుకుని బయటికొచ్చాడు. ఒళ్ళు కాలిపోతోంది.

"ఇంటికేనా?"

"కాదు. అక్కవాళ్ళ ఊరికి."

"అంతదూరం నడవలేనే."

"నడుస్తావు."

వాళ్ళు వంతెన మీదకు చేరేసరికి రేవులో ఫిరంగి పేలింది, గవర్నరు ఓడెక్కాడని. ఈనక్ వెనక్కి తిరిగి చూడబోయాడు. డార్కస్ అతని చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని ఇంకా జోరుగా లాక్కెళ్ళింది.